సూది మొనంత గాలి

నేను బియ్యం వ్యాపారిని. మలక్‌పేట గంజ్‌లో మా నాన్న పెట్టిన దుకాణంలో నలభై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. ఇన్నేళ్ళలో నేను పూర్తిగా నమ్మినవి రెండే, నా ముక్కు, నా పళ్ళు. మనిషి మాటను నమ్మింది తక్కువ. పాలవాడు పాలు పోస్తుంటే గిన్నెలోకి కాక అతని మొహంలోకి చూస్తాను. ఆటో అతను అడక్కుండానే మీటర్ వేశాడంటే నాకు ఇంకా భయం, ఆ మీటర్‌లోనే ఏదో ఉందని. చాయ్‌లో చక్కెర తగ్గితే డాక్టర్ తగ్గించమన్నాడని మా ఆవిడ అంటుంది. చక్కెర డబ్బా ఎవరింటికి వెళ్ళి వచ్చిందా అని నేను చూస్తాను. ఇది రోగం అని ఆమె అంటుంది. ఈ రోగమే ఇంటికి అన్నం పెట్టిందని నేనంటాను. ఇద్దరి మాటా నిజమే.

ఆ రోగంతో నా సొంత తమ్ముడి ఏడేళ్ళ పనిని ఏం చేశానో ఇప్పుడు రాస్తున్నాను. ఇంతవరకు ఇది ఇంట్లో ముగ్గురికే తెలుసు.

ముందు మా వ్యాపారం సంగతి చెప్పాలి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది. ఏడాది ఆపితే గింజ గింజకు విడుతుంది. రెండేళ్ళు ఆపిన మంచి బియ్యం కోసం బిర్యానీ వాళ్ళే దుకాణానికి నడిచి వస్తారు. అంతకు మించి ఆపితే గింజ మీద పొడి లేస్తుంది, మూట విప్పగానే దుమ్ము వాసన కొడుతుంది. ఏ మూట ఇప్పుడు వండుకోవాలి, ఏది ఇంకో ఏడాది ఆపాలి అని చెప్పడమే నా విద్య. దానికి మా దగ్గర ఒక ఇనుప గొట్టం ఉంటుంది, మొన వాడిగా, పక్కన గాడితో. కుట్టు విప్పకుండా మూటలోకి పొడిచి తీస్తే గాడిలో గుప్పెడు గింజలు వస్తాయి. తర్వాత గోనెను వేలితో రెండుసార్లు రుద్దితే ఆ రంధ్రం మూసుకుపోతుంది, పొడిచినట్టు కూడా తెలియదు. ఒక్క మూట పొడిచి ఊరుకునేవాడు గంజ్‌లో బతకలేడు. పైన మంచి మూట పెట్టి కింద చెత్త మూటలు పెట్టడం అందరికీ తెలిసిన పనే. అందుకని ప్రతి మూటనూ పొడవాలి. నేను పొడుస్తాను.

నా తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. గంజ్ దుమ్ముకు వాడికి దగ్గు వచ్చేది. ఎవరో చెబితే నాసిక్ వైపు ఒక వైన్ కంపెనీలో ద్రాక్ష బండ్లు తూచే ఉద్యోగానికి వెళ్ళాడు. మా ఇంట్లో కొన్ని రోజులు ఉల్లిపాయ కూడా వండరు, అలాంటి ఇంట్లోంచి వాడు సారా ఫ్యాక్టరీకి పోయాడని చెప్పుకోలేక మా అమ్మ తను పోయేవరకు చుట్టాలతో నాసిక్‌లో 'పండ్ల వ్యాపారం' అనే చెప్పింది. గేటు దగ్గర తూకం వేసేవాడు కొన్నేళ్ళకు లోపల పీపాల గదిలోకి వెళ్ళాడు. మా నాన్న ముక్కు నాకు వచ్చినట్టే వాడికీ వచ్చింది. అక్కడి పెద్దాయన అది కనిపెట్టి, తోటలో ఒక మూల నుంచి వచ్చే క్యాబర్నే ద్రాక్షను ఏటా ఒక చిన్న కర్ర పీపాలో వాడి ఇష్టప్రకారం చేసుకోమని వదిలేశాడు. క్యాబర్నే అంటే ఎర్ర వైన్‌లో బాగా వగరుది, ఏళ్ళ తరబడి ఆపదగ్గది. మిగతాదంతా కంపెనీది, ఆ పీపా ఒక్కటే వాడి చేతి పని; అందులోనూ ఏటా ఆరు సీసాలు వాడికిచ్చి, మిగిలింది కంపెనీ తన వైన్‌లో కలుపుకునేది.

మొదటిసారి వాడు సీసాలు తెచ్చింది బోనాల పండక్కి. ఛత్రినాకలో మా ఇంటి ముందు డప్పులు మోగుతుంటే వాడు ఆటోలోంచి ఒక అట్టపెట్టెను పసిపిల్లను దించినట్టు దించాడు. అందులో ఆరు సీసాలు. కాగితం అంటించలేదు. బిరడా మీదుగా మెడ వరకు ఎర్ర లక్కలో ముంచి, ఎన్నో ఏటిదో గుర్తుండేలా అడుగున సుద్దతో ఒక గీత గీశాడు.

"ఏందిర ఇది?" అన్నాను.

"నా పీపాది అన్నా. ఏటా ఆరు తెస్త, తెహ్ఖానల పెడ్త. ఏడేండ్లు ఎవరు ముట్టొద్దు."

తెహ్ఖానా అంటే మా ఇంటి కింద ఉన్న నేలమాళిగ. పదకొండు మెట్లు దిగాలి. ఎండాకాలంలో పైన ఒళ్ళు కాలిపోతున్నా అక్కడ చల్లగా ఉంటుంది. మా తాత పాత బియ్యం అక్కడే ఆపేవాడు.

మా ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "అమ్మవారికి బోనం ఎత్తేనాడు గీ సీసాలేంది ఇంట్ల?" అంది. తమ్ముడు నవ్వి, "వదినా, నేను గూడ తాగ. ఉమ్మేస్త. నా కొలువే ఉమ్మేసే కొలువు," అన్నాడు. ఆమెకు ఆ మాటతో సగం కోపం పోయింది. నాకు మాత్రం అనుమానం మొదలైంది. తాగడట, ఏడేళ్ళు ముట్టుకోడట, మరి ఇంత దూరం మోసుకురావడం దేనికి?

వాడు ఆ సాయంత్రమే ఒక ఇనుప చట్రం తెచ్చి తెహ్ఖానా గోడకు బోల్టులు కొట్టించాడు. సీసాలను అందులో పడుకోబెట్టాడు. పడుకోబెడితేనే బిరడా తడిగా ఉంటుందట, గాలి దూరదట. నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. వాడు చేతులు దులుపుకుంటూ నా పక్కన కూర్చుని చెప్పాడు.

"పుట్టినప్పుడు ఇది మొండిది అన్నా. నాలుకను పట్టుకుంటది. ఆ వగరే దీన్ని కాపాడ్తది. వగరు గట్టిగుండి లోపల పండు గూడ ఉంటే ఆపాలె. వగరు మెత్తవడి పండు పైకొస్తే తాగాలె. పండు పోయి పులుపు ఒక్కటే మిగిల్తే మనం లేటైనం అన్నట్టు. ఏడేండ్లయినంక మనిద్దరం కూసోని, ఏది తాగుడు ఏది ఆపుడు చూద్దాం. నీ ముక్కు నా ముక్కు కన్న మంచిది."

మంచి మాటే. నేనే దాన్ని మంచిగా వినలేదు. నా కళ్ళు గోడకు కొట్టిన బోల్టుల మీద ఉన్నాయి.

ఆ ఇల్లు మా ఇద్దరి పేరు మీదా ఉంది. నాన్న పోయాక పంపకం జరగలేదు. వాడు అడగలేదు, నేను ఎత్తలేదు. వెనక గల్లీలో ఒక ముసలి మున్షీ సాబ్ ఉండేవాడు, కోర్టులో వకీళ్ళ దగ్గర కాగితాలు రాసి రిటైర్ అయినవాడు. చాయ్ తాగుతూ మాటల్లో మాటగా ఆయన చెవిలో వేశాను, మా తమ్ముడు సామాను తెచ్చి పెట్టాడని.

"గోడకు ఫిట్ చేసిండా?" అన్నాడు మున్షీ సాబ్, కప్పు కింద పెట్టి.

"చేసిండు."

"హర్ సాల్ తెస్త అన్నడా?"

"అన్నడు."

"దేఖో సేఠ్, నేను నీ తమ్మున్ని ఏమంటలేను. మగర్ కోర్ట్‌ల సామాన్ చూస్తరు. ఏడేండ్లు సామాన్ ఉన్నదంటే, కబ్జా ఉన్నదంటరు."

ఏడేళ్ళు! తమ్ముడు చెప్పిందీ ఏడేళ్ళే. చట్టంలో ఉన్నది పన్నెండేళ్ళని నాకు చాలా తర్వాత తెలిసింది. వైన్‌కు ఏడేళ్ళు ఎందుకు కావాలో నాకు తెలియదు కానీ కబ్జాకు ఎందుకు కావాలో అర్థమైపోయింది. అసలు ఆ సీసాల్లో వైన్ ఉందా, రంగు నీళ్ళు ఉన్నాయా? మాల్ తెచ్చినవాడు శాంపిల్ చూపించడా? గంజ్‌లో శాంపిల్ చూపించని వ్యాపారిని నేను గడప కూడా తొక్కనివ్వను.

గంజ్‌కు సెలవు ఉన్న ఒక మధ్యాహ్నం, మా ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు, నేను తెహ్ఖానాలోకి దిగాను. జేబులో సిరంజి, వెన్నులో మత్తు ఇవ్వడానికి వాడే పొడుగు సూది ఉన్నాయి. మెడికల్ షాపు అతను ఎందుకని అడిగితే గేదెకు అన్నాను. మా గల్లీలో గేదె ఎక్కడుందని అతను అడగలేదు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్ళ దగ్గర గోలీ అంత ఎర్ర లక్క కూడా తెచ్చుకున్నాను.

లక్కలోంచి, బిరడాలోంచి సూది గుచ్చాను. సీసాను వంచి సిరంజి లాగితే మొదట మొరాయించింది, తర్వాత నల్లగా, చిక్కగా ఒక చెంచాడు వచ్చింది. సూది తీసి, రంధ్రం మీద కరిగిన లక్క చుక్క వేసి, వేలితో రుద్దాను. అంతే, మూటకు చేసినట్టే. పొడిచినట్టు తెలియనే తెలియదు. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

ఉక్కిరిబిక్కిరి అవుతానేమో అనుకుంటూ నాలుక మీద వేసుకున్నాను. జీవితంలో మొదటి చుక్క. నేరేడు పండు తిన్నాక నాలుక ఎలా బిరుసెక్కుతుందో అలా పట్టుకుంది. మింగలేదు, తమ్ముడిలాగే ఉమ్మేశాను. ఉమ్మేశాక కూడా నోట్లో ఏదో నడుస్తూనే ఉంది. మెట్ల మీద కూర్చుని అది ఆగేవరకు ఎదురుచూశాను. బాగుంది. చాలా బాగుంది. అందుకే నా అనుమానం ఇంకా పెరిగింది. పైమూట ఎప్పుడూ బాగానే ఉంటుంది కదా. మిగిలిన ఐదు సీసాలూ పొడిచాను.

ఆ తర్వాత ప్రతి బోనాలకూ వాడు ఆరు సీసాలు తెచ్చాడు, వాడు వెళ్ళిన వారానికి నేను ఆరింటినీ పొడిచాను. కొత్తవాటితో పాటు పాతవాటినీ మళ్ళీ పొడిచేవాణ్ణి. ఆపితే బాగుపడతాయన్నాడు కదా, పడుతున్నాయా లేదా చూడాలి. రెండో ఏడు చూస్తే మొదటి ఏటి సీసాల్లో నేరేడు పండు చచ్చిపోయింది. కమిలిన ఆపిల్ పండు వాసన. మూడో ఏటికి ముక్కును గిల్లే పులుపు. నాలుగో ఏటికి అది సిర్కా, ఉత్త వెనిగర్. రెండో ఏటి సీసాలదీ అదే దారి. కొత్తగా వచ్చినది వచ్చినప్పుడు బాగుంటుంది, ఏడాది తిరిగేసరికి పాడవుతుంది. నాకు సాక్ష్యం దొరికిపోయింది. ఇది ఆపే మాల్ కాదు. ఆపమని చెప్పేవాడికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? అంటే వాడికి కావలసింది వైన్ కాదు, తెహ్ఖానా.

ఒకసారి రెండు సీసాలు రంధ్రాల్లోంచి కారి చట్రం కింద జిగటగా మరక కట్టింది. గోడకు సున్నం వేయించి, అప్పటి నుంచి సీసాలన్నీ నిలబెట్టి ఉంచాను. బోనాలకు వారం ముందు మళ్ళీ పడుకోబెట్టేవాణ్ణి. తమ్ముడు ఫోన్‌లో అడిగేవాడు, "పడుకోవెట్టే ఉన్నయా అన్నా?" అని. "ఉన్నయ్," అనేవాణ్ణి. వాడు వచ్చినప్పుడు చట్రం ముందు నిలబడి, ఏదీ తీయకుండా, దుమ్ము కూడా తుడవకుండా చూసి వెళ్ళేవాడు. చూడు, తన జాగా ఎంత ఉందో కళ్ళతో కొలుచుకుంటున్నాడు అనుకునేవాణ్ణి.

మా ఆవిడ ఒకసారి అంది, "అంత అనుమానముంటె మొహం మీద అడుగు. నీ తమ్ముడే గద." అడగలేదు. అడిగితే లేని ఆలోచనను వాడికి నేనే పుట్టించినట్టు అవుతుందని నా లెక్క.

ఏడో పెట్టె తెచ్చిన ఏడాదే, బోనాలు అయిపోయాక కొన్ని నెలలకు, వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి పెట్టె లేదు, రెండు సూట్‌కేసులు. వాడికి ఏదో జ్వరం వచ్చి తగ్గింది, జ్వరంలో పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. నెలల తరబడి మందులు వాడాడు. ముక్కు లేనివాడికి పీపాల గదిలో ఏం పని ఉంటుంది? కంపెనీ వాళ్ళు మర్యాదగానే పంపించేశారు.

"అక్కడ్నే ఇంకొకాయన చిన్న తోట పెట్టిండన్నా," అన్నాడు వాడు, అన్నం కలుపుతూ. "పోరగాళ్ళకు నేర్పియ్యమంటున్నడు. ముక్కు లేకున్న చెయ్యి ఉన్నది గద, రమ్మంటున్నడు. నాకే ధైర్యం వస్తలేదు. నా చెయ్యి మంచిదో కాదో నాకేం ఎరుక? ఏడేండ్లు నా చేతితోని చేసినయి తెహ్ఖానలనే ఉన్నయ్. నువ్వు చూసి చెప్పు. మంచిగున్నయంటే పోత. లేదంటే గంజ్‌ల నీ దగ్గర తక్కెడ పట్టుకుంట."

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. ముక్కు పోయిందన్న మాట కూడా నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇల్లు చేరడానికి ఒక సాకు కావాలి, దొరికింది, అంతే కదా? మర్నాడు మధ్యాహ్నం వాడు హాల్లో చాప మీద నిద్రపోతుంటే, వంటింట్లోంచి ఇంగువ డబ్బా తెచ్చి మూత తీసి వాడి ముక్కు కింద పెట్టాను. కళ్ళు మూసుకున్న మనిషి ఎంత నటించినా ఇంగువ దగ్గర ముక్కుపుటాలు కదులుతాయి. కదల్లేదు. నెమ్మదిగా ఊపిరి తీస్తూ, వదులుతూ పడుకునే ఉన్నాడు. నాకే తుమ్ము వచ్చింది. వాడు కళ్ళు తెరిచి డబ్బాను, నన్ను చూశాడు.

"నేను గూడ గిట్లనే చూసుకుంటున్న అన్నా, రోజు పొద్దుగాల," అన్నాడు. "ఏమన్న వస్తదేమోనని."

నేను పరీక్ష పెట్టానని వాడికి తోచలేదు, సాయం చేస్తున్నాననుకున్నాడు. జీవితంలో నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. ఆ సిగ్గు కూడా ఆ పూటకే.

సాయంత్రం ఇద్దరం తెహ్ఖానాలోకి దిగాం; వాడు వస్తున్నానని ఫోన్ చేసిన రోజే సీసాలన్నీ మళ్ళీ పడుకోబెట్టి ఉంచాను. వాడు మొదటి ఏటి సీసా తీసి లక్క గీకాడు. పైన నేను వేసిన చుక్కలు కూడా లక్కే కాబట్టి అన్నీ కలిసి పెళ్ళగా ఊడి వచ్చాయి. బిరడా తీసి, మా ఆవిడ ఇచ్చిన స్టీలు గ్లాసుల్లో పోశాడు. గ్లాసును నా చేతికిచ్చి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఆ వాసన నాకు తెలిసినదే. ఏళ్ళుగా దాచిన మాట, అనడానికి నోరు దురద పెడుతోంది.

"సిర్కా," అన్నాను. "ఉత్త సిర్కా తమ్మీ. ఇది ఆపే మాల్ కాదు."

వాడు తన గ్లాసు నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు పోయినా నాలుకకు పులుపు తెలుస్తుంది కదా. మొహం నల్లబడింది. రెండో ఏటిది తీశాడు. మూడో ఏటిది తీశాడు. ఐదో ఏటిది. గ్లాసు పెట్టినప్పుడల్లా నా వైపు చూశాడు, నేను తల అడ్డంగా ఊపాను. చివరికి కొత్త పెట్టెలోది, ఇంకా ఏడాది కూడా నిండనిది తీస్తే, అదీ కమిలిన వాసన కొడుతోంది. వాడు మెట్టు మీద కూలబడ్డాడు.

"ఒక్కటి పోతె ఆ సీసా నసీబ్ అనుకోవచ్చు," అన్నాడు. "అన్ని పోయినయంటే చేతిలనే ఉన్నది. పీపా సరిగ్గ కడగలేదో, నిండా పొయ్యలేదో. గాలి తగిలినట్టున్నది. ఎక్కువ గూడ అక్కర్లేదన్నా. సూది మొనంత గాలి దూరితె చాలు, లోపల అంత ఖతం."

సూది మొన అన్న మాట వాడు మామూలుగానే అన్నాడు. నేను చేతిలోని గ్లాసు కింద పెట్టేశాను.

గోనెను రుద్దితే మూసుకుంటుంది. బిరడా గోనె కాదు. ఆ చిన్న తేడా నలభై ఏళ్ళ వ్యాపారికి ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. పాడవుతున్నాయా అని చూడటానికి పొడిచాను, పొడిచినందుకే పాడయ్యాయి, పాడయ్యాయని వాణ్ణి దొంగను చేశాను. "పద, అన్నం చల్లారుతది," అన్నాను.

వాడు సరిగ్గా తినలేదు. "పొద్దుగాల అన్ని మోరీల పారవోస్త వదినా," అన్నాడు. "చట్రం గూడ పీకేస్త. ఆయనకు ఫోన్ జేసి రానని చెప్త." మా ఆవిడ నా వైపు చూసింది. ఆమెకు సూది సంగతి అప్పటికి తెలియదు, కానీ నలభై ఏళ్ళ కాపురంలో నా మొహం ఎప్పుడు దొంగమొహమో తెలుసు.

నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. ఒక పూటంతా నేను నోరు మూసుకుందామనే చూశాను. చట్రం పోతుంది, తెహ్ఖానా ఖాళీ అవుతుంది, వాడు నా కళ్ళ ముందు గంజ్‌లో ఉంటాడు. ఒక్క మాట కూడా అబద్ధం ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. వాడి చెయ్యి చెడ్డదని వాడే ఒప్పుకున్నాడు.

పొద్దున వాడు మొదటి నాలుగు సీసాలు చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఎదురుపోయాను. వంగిన ఆ తల చూసి ఇక ఆగలేకపోయాను.

"నీ చేతిల ఏం లేదు తమ్మీ," అన్నాను. "నేను పొడిచిన."

వాడికి అర్థం కాలేదు. మొదటి ఏటి సీసా ఒకటి తీసుకుని, లక్క మీద బొబ్బల్లా లేచిన చుక్కలు చూపించాను. ఒకటి, రెండు, అలా ఏడు దాకా. మెట్ల కింద దాచిన సిరంజి తెచ్చి చూపించాను. వాడు గోరుతో ఒక చుక్కను గీకాడు, కింద రంధ్రం కనిపించింది.

"అన్నిటికా?"

"అన్నిటికి. ప్రతి ఏడు."

"ఎందుకన్నా?"

చెప్పాను, బోల్టుల గురించి, మున్షీ సాబ్ గురించి, ఏడేళ్ళ గురించి. "ఇల్లు అడుగుతవేమో అనుకున్న," అన్నాను.

వాడు తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. సీసాలు మెట్టు మీద ఒక్కొక్కటీ పెట్టి, వాటి పక్కనే కూర్చున్నాడు. వాడి భుజాలు నెమ్మదిగా దిగాయి. ఏడుస్తున్నాడేమో అని వంగి చూశాను. లేదు. ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"అయితే వచ్చినప్పుడు మంచిగనే ఉండె," అన్నాడు.

"ఉండె."

"నువ్వు చూసినవ్. పొడవకముందుది, మొదటి చుక్క. ప్రతి ఏటిది నీ నాలుక మీద పడ్డది."

"పడ్డది."

"చెప్పన్నా. అన్ని చెప్పు. ఏది తాగాలెనో, ఏది ఆపాలెనో చెప్పు."

నేను రుచి చూసిన శాంపిల్ మర్చిపోను. ఇరవై ఏళ్ళ కిందటి మూట వాసన అడిగినా చెబుతాను. వాడి పక్కన మెట్టు మీద కూర్చుని మొదటి ఏడు దగ్గర మొదలుపెట్టాను. మొదటిది నేరేడు పండు, నాలుకను పట్టుకునే వగరు, ఎనిమిదేళ్ళు ఆపొచ్చు. రెండోది వానలు ఎక్కువైన ఏటిది, పల్చన, అప్పుడే కోసిన క్యాప్సికం వాసన, అది ఆపే సరుకు కాదు, రెండేళ్ళలో తాగేయాలి. "అవును, అవును," అన్నాడు వాడు, "కోతకు తొందరపడ్డం ఆ ఏడు." మూడోది నెమ్మదిగా చెప్పాను. పెన్సిల్ చెక్కితే వచ్చే వాసన, కొంచెం జర్దా ఆకు, వాటి కింద ఎక్కడో నల్లటి పండు, పళ్ళ వెనక గట్టిగా వగరు. ఉమ్మేయడానికి మనసు రాక ఆ ఒక్కసారి మింగేశానని కూడా చెప్పాను.

"దాన్ని ఎన్నేండ్లు ఆపుదువు?"

"పదిహేను."

"పదిహేనా?" వాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నాకు పన్నెండే అనిపించె అన్నా. ఎవనికి చెప్పలే."

నాలుగు, ఐదు, ఆరు చెప్పాను. వడగళ్ళు పడి పంట సగమే వచ్చిన ఏటిది చిక్కగా, మొండిగా ఉందన్నాను. ఏడోది ఇంకా పసిది, ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాను. వాడు ప్రతిదానికీ తల ఊపాడు. పైన మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి వింటోంది. చెప్పడం అయిపోయాక, వాడు మూడో ఏటిది మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

అది విని వాడు లేచి, ఫోన్ తీసి నాసిక్ ఆయనకు వస్తున్నానని చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కోపంగా లేడు, అడగాలనిపించి అడిగాడు అంతే.

"అంత మంచిగుండె అంటున్నవ్ గదా. గప్పుడే ఒక్క ఫోన్ జేస్తే అయిపోవు గదన్నా?"

మంచిగా చేశావురా అనే మాట నా నాలుకకు మొదటి చుక్కతోనే తెలుసు. అది నోటిదాకా రావడానికి ఏడేళ్ళు పట్టింది, అప్పటికి వాడికి రుచి చూపించడానికి ఒక్క సీసా కూడా మిగల్లేదు.